చలిదేశంలో కరివేపాకు: సలహాల మంచిచెడ్డలు

ఉష్ణమండలపు మొక్కను చలిదేశంలో బతికించాలన్న కోరిక కొత్తది కాదు. పదిహేడో శతాబ్దంలోనే యూరప్ ప్రభువులు నారింజ చెట్ల కోసం ప్రత్యేకంగా పెద్ద పెద్ద కిటికీల భవనాలు కట్టించారు. చలికాలం రాగానే చెట్లను తొట్లతో సహా లోపలికి చేర్చేవారు. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూసిన గాజు సీసాలో మొక్కలు తమంత తామే పెరగడం గమనించాడు. ఆ గమనింపు నుంచి పుట్టిన గాజుపెట్టెలే తర్వాత తేయాకు మొక్కలను చైనా నుంచి మన హిమాలయ ప్రాంతాలకు సముద్రం మీద చేర్చాయి. ఒకనాడు రాజులకూ పెద్ద పెద్ద వృక్షోద్యానాలకూ పరిమితమైన ఈ పని నేడు మామూలు సంసారుల ఇళ్లకు వచ్చింది. న్యూజెర్సీలోనో, లండన్‌లోనో, డాలస్‌లోనో కిటికీ పక్కన కుండీలో ఒక కరివేపాకు మొక్క లేని తెలుగు ఇల్లు అరుదు.

సూరత్ నగరంలోని డిండోలి, ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వచ్చి స్థిరపడినవారు వీరు. వీరి వెంట వచ్చిన కరివేపాకుకు సూరత్‌లో ఏ ఇబ్బందీ కలగలేదు. గుజరాతీలు దాన్ని 'మీఠో లీమడో' అంటారు. వారి కఢీకీ, పప్పుకూ అది తప్పనిసరి. కరీంనగర్‌కూ సూరత్‌కూ అక్షాంశంలో తేడా మూడు డిగ్రీలు మించదు. డిసెంబరులో అతి చిన్న పగలు కరీంనగర్‌లో సుమారు 11 గంటలైతే, సూరత్‌లో 10 గంటల 50 నిమిషాలు. మొక్కకు ఇది లెక్కలోకి వచ్చే మార్పు కాదు. అదే న్యూజెర్సీలో ఆ పగలు 9 గంటల 20 నిమిషాలకూ, లండన్‌లో 8 గంటల లోపుకూ పడిపోతుంది. మనిషి వలస వెళ్లినంత సులువుగా మొక్క వలస వెళ్లదు. ఆ కష్టాన్ని తీర్చడానికే పెద్ద సలహా సాహిత్యం తయారైంది. దాని మంచిచెడ్డలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సాహిత్యం మూడు రకాలు. మొదటిది ప్రభుత్వ పటం. రెండోది 'ఇక్కడ పెరగదన్న మొక్కను పెంచి చూపిస్తాం' అనే ధోరణి పుస్తకాలు. మూడోది ఔత్సాహికులు తమ పెరటి అనుభవం నుంచి రాసుకునే నోట్సు.

పటం చెప్పేది

అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించే మొక్కల శీత సహన మండలాల పటం ఈ రంగంలో వేదవాక్కు లాంటిది. దీనికి ముందు 1927లో హార్వర్డ్ వారి ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రేడర్ ఇలాంటి పటం వేశారు. వ్యవసాయ శాఖ పటం 1960లో వచ్చింది. 1990, 2012, 2023 సంవత్సరాల్లో దాన్ని సవరించారు. చివరి సవరణకు 1991 నుంచి 2020 వరకు ముప్ఫై ఏళ్ల లెక్కలు, 13,412 వాతావరణ కేంద్రాల నుంచి తీసుకున్నారు. ఆ పటం ప్రకారం దేశంలో దాదాపు సగం భాగం మునుపటి కంటే అర మండలం వెచ్చని వైపుకు జరిగింది.

పటంలో మొత్తం 13 మండలాలు. ఒక్కొక్కటి 10 ఫారన్‌హీట్ డిగ్రీల మేర, అంటే సుమారు 5.6 సెల్సియస్ డిగ్రీల మేర ఉంటుంది. విక్రయదారుడు మొక్కకు కట్టిన చీటీ మీద '9వ మండలం' అని రాస్తే, కొనేవారు తమ ఊరు ఏ మండలమో చూసుకుని కొంటారు. ఇంత సులువైన సాధనం మరొకటి లేదు. దాని ఘనతను తక్కువ చేయనక్కరలేదు.

చెప్పనిది

అయితే ఈ పటం కొలిచేది ఒకే ఒక్క విషయం. ఏడాదిలో అతి చలిగా ఉన్న రాత్రి ఉష్ణోగ్రతను ఏటేటా తీసుకుని, ముప్ఫై ఏళ్లకు సగటు కడతారు. ఆ సగటే మండలం. సగటు అంటేనే కొన్ని ఏళ్లు దాని కంటే చల్లగా ఉంటాయని అర్థం. చీటీ చదివే మనిషి దాన్ని 'ఇంతకంటే చలి రాదు' అని చదువుతున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో జరిగింది ఇందుకు తిరుగులేని ఉదాహరణ. డాలస్ పరిసరాలు 8వ మండలం. అంటే సగటు కనిష్ఠం సున్నాకు దిగువన 12 డిగ్రీల నుంచి 7 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ నెల 16వ తేదీన డాలస్ విమానాశ్రయంలో సున్నాకు దిగువన 19 డిగ్రీలు నమోదైంది. ఐదు రోజులకు పైగా ఉష్ణోగ్రత సున్నా దాటి పైకి రాలేదు. విద్యుత్తు ఆగిపోయి ఇళ్లు కూడా చల్లబడ్డాయి. ఆ విపత్తులో రెండు వందల మందికి పైగా మరణించారు. దాని ముందు మొక్కల నష్టం చిన్నదే. కానీ పటాన్ని నమ్మి పెరట్లో తాటిజాతి చెట్లు, నిమ్మజాతి చెట్లు నాటినవారు ఆ ఒక్క వారంలో ఏళ్ల శ్రమ పోగొట్టుకున్నారు. పటం తప్పు చెప్పలేదు. పటం చెప్పని దాన్ని జనం దాని నోట పెట్టారు.

రెండో లోపం వేసవికి సంబంధించినది. లండన్ నగరంలో ఎక్కువ భాగం ఇదే కొలత ప్రకారం 9వ మండలం. అమెరికాలోని ఫ్లోరిడా మధ్యభాగంలో పలు చోట్లు కూడా 9వ మండలమే. కానీ జూలైలో లండన్ పగటి ఉష్ణోగ్రత సగటున 24 డిగ్రీలు దాటదు. ఫ్లోరిడాలో 33 వరకు ఉంటుంది. వేసవిలో చాలినంత వేడి దొరకని మొక్క కొమ్మలు ముదరవు, ఆహారం నిల్వ చేసుకోదు. అలాంటి మొక్క కొద్దిపాటి చలికే చనిపోతుంది. ఈ లోటు తీర్చడానికే అమెరికా ఉద్యాన సంఘం 1997లో వేడి మండలాల పటం విడిగా వేసింది. దాన్ని చూసేవారు తక్కువ.

మూడోది సమయం. చలికి మొక్క ఒక్క రోజులో సిద్ధం కాదు. పగళ్లు క్రమంగా కుంచించుకుపోతూ, రాత్రులు చల్లబడుతూ ఉంటే కొన్ని వారాల్లో దాని కణాల్లో మార్పులు వస్తాయి. అందువల్ల జనవరిలో తట్టుకున్న చలినే నవంబరు మొదట్లో తట్టుకోలేకపోవచ్చు. వసంతంలో చిగురు తొడిగాక వచ్చే మంచు మరీ ప్రమాదకరం. పటంలో అంకె ఒకటే. మొక్కకు మాత్రం ఆ అంకె ఏ నెలలో వచ్చిందన్నది ప్రాణావసరం.

చలి ఎలా చంపుతుంది?

సలహా పుస్తకాల్లో తరచు కనిపించే మాట ఒకటుంది. 'చలికి కణాల్లోని నీరు గడ్డకట్టి, సీసా పగిలినట్టు కణం పగిలిపోతుంది' అని. ఇది సగమే నిజం. సాధారణంగా మంచు ముందుగా ఏర్పడేది కణం లోపల కాదు, కణాల మధ్య ఖాళీల్లో. అక్కడి మంచు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. కణం ఎండిపోయి చస్తుంది. కాబట్టి మంచుదెబ్బ ఒక విధంగా కరువుదెబ్బే.

కరివేపాకు, అరటి, మల్లె వంటి మొక్కలకైతే గడ్డకట్టే దాకా కూడా పోనక్కరలేదు. సున్నాకు పైన 10, 12 డిగ్రీల దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. శీతాకాలంలో కొబ్బరినూనె గడ్డకట్టడం, నువ్వులనూనె గడ్డకట్టకపోవడం మనం చూస్తూనే ఉంటాం. కణం చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వు పదార్థంతో చేసినదే. చలిదేశపు మొక్కల పొరల్లో నువ్వులనూనె తరహా కొవ్వులు ఎక్కువ. చలికి అవి మెత్తగానే ఉంటాయి. ఉష్ణమండలపు మొక్కల పొరలు బిగుసుకుపోయి పని చెడిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడటం ఇలాంటి దెబ్బే.

ఈ రెండు రకాల దెబ్బల మధ్య తేడా తెలియకపోతే సలహా తప్పుతుంది. 'రాత్రికి మొక్కకు దుప్పటి కప్పండి' అనే సూచన చూడండి. మనిషికి దుప్పటి కప్పితే వెచ్చగా ఉండటానికి కారణం మనిషి శరీరం వేడి పుట్టించడం. మొక్క అలా వేడి పుట్టించదు. దుప్పటి చేయగలిగింది నేల నుంచి పైకి వచ్చే వేడిని కాసేపు ఆపడం మాత్రమే. కాబట్టి కప్పు నేల దాకా దిగాలి. కాండానికి మాత్రం గుడ్డ చుట్టి వదిలేస్తే నేల వేడి అందులో చేరదు. ఒక రాత్రి మంచుకు ఈ ఉపాయం పనికొస్తుంది. వారం పాటు సాగే చలికి పనికిరాదు. అలాగే కుండీలోని వేళ్లకు నేలలోని వేళ్లకున్న రక్షణ లేదు. నేల నెమ్మదిగా చల్లబడుతుంది. కుండీ నలువైపులా గాలికి చల్లబడుతుంది. మండలం అంకె నేలలో నాటిన చెట్టును దృష్టిలో పెట్టుకున్నదని చీటీ మీద రాయరు.

ఇంట్లోకి తెచ్చిన కరివేపాకు చనిపోవడానికి చలి కంటే ఇతర కారణాలే ఎక్కువ. శీతాకాలంలో అది ఆకు రాల్చి నిద్రలోకి పోతుంది. చచ్చిపోతోందని భయపడి ఎక్కువ నీళ్లు పోస్తారు. చల్లని తడిమట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి. హీటర్ల వల్ల ఇంట్లో గాలి ఎండిపోతే ఎర్రనల్లి చేరుతుంది. వెలుతురు చాలదని దీపం పెట్టేవారు ఖర్చు లెక్క వేసుకోవాలి. 100 వాట్ల దీపం రోజుకు 12 గంటల చొప్పున ఐదు నెలలు వెలిగితే 180 యూనిట్ల కరెంటు అవుతుంది. ఇంత చేసి దక్కేది గుప్పెడు రెమ్మలు. మమకారం కోసం ఖర్చు పెట్టడం తప్పు కాదు. కానీ ఆ లెక్క దాచి 'తేలికగా పెంచుకోవచ్చు' అని రాయడం సరికాదు.

బతికిన చెట్లే మాట్లాడతాయి

రెండో రకం రచనల్లో చెప్పుకోదగ్గది డేవిడ్ ఫ్రాంకో 2003లో ప్రచురించిన 'పామ్స్ వోంట్ గ్రో హియర్ అండ్ అదర్ మిత్స్' అనే పుస్తకం. ఆయన అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పనిచేసిన వృక్షశాస్త్ర ఆచార్యుడు. తాటిజాతి, అరటి, కెమీలియా వంటి వెచ్చని ప్రాంతాల మొక్కలను చలి ప్రాంతాల్లో పెంచవచ్చన్నది ఆయన వాదం. శాస్త్రం తెలిసిన మనిషి తోటమాలి భాషలో రాయడం ఇలాంటి పుస్తకాలకు బలం. 'పెరగదు' అనే మాట చాలాసార్లు ఎవరూ పరీక్షించకుండా అప్పగించుకుంటూ వచ్చిన నమ్మకమే. దక్షిణం వైపు గోడ పక్కన నాటడం, చల్లగాలి పేరుకునే పల్లపు చోట్లను వదలడం, నీరు నిలవని నేల ఎంచుకోవడం వంటి జాగ్రత్తలతో పటం గీత దాటవచ్చనడంలో అబద్ధం లేదు. చైనా నుంచి పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ చేరిన ట్రాకికార్పస్ తాటిచెట్టు నేడు ఇంగ్లండు తోటల్లో మామూలు దృశ్యం. అది అసలు చల్లని కొండలు తెలిసిన చెట్టు. అలాగే మూసా బస్జూ అనే అరటి పైభాగం మంచుకు చచ్చినా, గడ్డి కప్పిన దుంప నుంచి వసంతంలో మళ్లీ మొలుస్తుంది. కానీ దాని పండు తినడానికి పనికిరాదు. 'చలిదేశంలో అరటి' అనే శీర్షిక చదివి చక్రకేళి గెలల గురించి ఆశపడే పాఠకుడికి ఈ ముక్క మొదటి వాక్యంలోనే చెప్పాలి.

ఈ ధోరణి మొత్తానికి ఉన్న బలహీనత వేరు. బతికిన చెట్టుకు ఫోటో తీస్తారు. చచ్చిన చెట్టును పీకేస్తారు. పది మంది నాటితే తొమ్మిది చచ్చి ఒకటి బతికినా, రాసేది ఆ ఒక్కరే. చదివేవారికి పదికి పది బతికినట్టు కనిపిస్తుంది. 'మా చెట్టు సున్నాకు దిగువన 15 డిగ్రీలు తట్టుకుంది' అనే వాక్యంలో ఎన్ని ప్రశ్నలున్నాయో గమనించండి. ఆ ఉష్ణోగ్రత పెరట్లో కొలిచిందా, విమానాశ్రయంలోదా? ఎన్ని గంటలు ఉంది? చెట్టు వయసెంత? మంచు పైన కప్పుకుని ఉందా? ఎన్ని చెట్లు నాటారు? వీటిలో ఒక్కదానికైనా జవాబు లేకపోతే అది కబురే గాని ఆధారం కాదు.

మన దగ్గర ఇదే జబ్బు తలకిందులుగా కనిపిస్తుంది. చలిదేశపు ఆపిల్‌ను ఎండదేశంలో పెంచిన వార్తలు మనకు కొత్త కాదు. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ ఎంపిక చేసిన హెచ్.ఆర్.ఎమ్.ఎన్.-99 అనే ఆపిల్ రకం మైదానాల్లోనూ కాస్తుంది. ఆయనకు 2025లో పద్మశ్రీ వచ్చింది. మామూలు ఆపిల్ రకాలకు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు, కొన్నిటికి వెయ్యికి పైగా గంటలు కావాలి. ఈ రకానికి చాలా తక్కువ చాలు. ఇది నిజమైన విజయం. కానీ తొలి కాపు ఫోటో చూసి ఎకరాలకు ఎకరాలు నాటబోయే రైతు అడగవలసింది తొలి కాపు గురించి కాదు. ఐదో ఏట దిగుబడి ఎంత, ఎన్ని చెట్లు మిగిలాయి, మార్కెట్లో ధర ఎంత పలికింది అన్నది అడగాలి. లండన్‌లో తాటిచెట్టు పోతే ఒక వేడుక పోతుంది. ఇక్కడ పోయేది ఒక కుటుంబం పెట్టుబడి.

నిజాయితీ రికార్డుకు ఒక పాత ఆదర్శం ఉంది. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1766 నుంచి 1824 దాకా తోట పుస్తకం రాశాడు. ఏది ఎప్పుడు నాటింది, ఎప్పుడు మొలిచింది అన్నదాంతోపాటు ఏది విఫలమైందీ అందులో రాసుకున్నాడు. బానిసల చేత పని చేయించిన తోట అది. ఆ మచ్చను మరవనక్కరలేదు. కానీ వైఫల్యాన్ని విజయంతో సమానంగా లెక్క రాసిన ఆ అలవాటు నేటి ఔత్సాహికులలో చాలామందికి లేదు.

గోడ అవతలి తోట

ఈ సాహిత్యం దాదాపు మౌనంగా దాటిపోయే విషయం మరొకటి ఉంది. మొక్క బతుకుతుందా అని వంద పేజీలు రాస్తారు. మొక్కతో పాటు ఏమి వస్తుందో రెండు వాక్యాలు రాయరు.

కరివేపాకు నిమ్మ, బత్తాయి, మారేడు కుటుంబానికి చెందినది. నిమ్మజాతి తోటలకు గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగుకు కరివేపాకు లేత చిగురు చాలా ఇష్టం. కరివేపాకు మొక్క పచ్చగానే కనిపిస్తుంది, కానీ పురుగుకు పుట్టిల్లవుతుంది. ఫ్లోరిడాలో ఈ పురుగును 1998లో, తెగులును 2005లో కనుగొన్నారు. 2003-04 కాలంలో 24 కోట్ల 20 లక్షల పెట్టెలున్న ఆ రాష్ట్రపు నారింజ దిగుబడి 2022-23 నాటికి సుమారు 1 కోటి 60 లక్షల పెట్టెలకు పడిపోయింది. తుఫానులు, భూముల అమ్మకాలు కూడా ఇందులో ఉన్నా, ప్రధాన కారణం ఈ తెగులే. కాలిఫోర్నియాలో 2008లో పురుగు, 2012లో తెగులు బయటపడ్డాయి. భారతదేశం నుంచి తాజా కరివేపాకును అమెరికాకు తీసుకువెళ్లడం నిషేధించడానికీ, అక్కడ కూడా మొక్కలను ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి చేర్చడంపై ఆంక్షలు పెట్టడానికీ కారణం ఇదే. సామానులో నాలుగు రెమ్మలు దాచుకుపోవడాన్ని మనవాళ్లు చిలిపి సాహసంగా చెప్పుకుంటారు. ఆ రెమ్మ మీద ఆవగింజ కంటే చిన్న గుడ్లు ఉండవచ్చునని తెలిస్తే అది నవ్వులాట కాదు. గ్రీనింగ్ వల్ల చెట్లు పోగొట్టుకున్న బత్తాయి రైతులు మన దేశంలోనూ ఉన్నారు.

పరాయి మొక్క విషయంలో చలిదేశాలకు ఒక రక్షణ ఉంది. తప్పించుకున్న మొక్కను శీతాకాలమే చంపేస్తుంది. మనకు ఆ రక్షణ లేదు. సూరత్‌లో తాపీ నది మీద సింగణ్‌పోర్ ఆనకట్ట ఎగువన నీళ్లను కప్పేసే గుర్రపుడెక్కను చూస్తే ఈ మాట అర్థమవుతుంది. దక్షిణ అమెరికా నుంచి అందమైన పూల కోసం తెచ్చుకున్న మొక్క అది. నేడు దాన్ని తీయించడానికి నగరపాలక సంస్థ ఏటా డబ్బు ఖర్చు పెట్టవలసి వస్తోంది. రోడ్ల వెంట పచ్చదనం కోసం విరివిగా నాటిన కోనోకార్పస్ కూడా పరాయి చెట్టే. పుప్పొడి వల్ల ఆరోగ్యానికీ, వేళ్ల వల్ల భూగర్భ పైపులకూ హాని ఉందన్న కారణంతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. 'బతుకుతుందా?' అనే ప్రశ్న చలిదేశంలో ఎంత ముఖ్యమో, 'బతికితే ఆగుతుందా?' అనే ప్రశ్న మన దేశంలో అంత ముఖ్యం. అక్కడి పుస్తకాలను ఇక్కడ చదివేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

పాఠకుడు చేయగలిగింది

ఇదంతా ఔత్సాహికులను నిరుత్సాహపరచడానికి కాదు. ఏ విశ్వవిద్యాలయమూ ఒక్క కుండీని ఇరవై ఏళ్లు గమనించదు. ఔత్సాహికుడు గమనిస్తాడు. ప్రేమతో చేసే ఆ దీర్ఘకాలపు గమనింపును పద్ధతిగా రాస్తే శాస్త్రానికి పనికొస్తుంది. రాయకపోతే కబుర్లుగా మిగిలిపోతుంది. తేడా ఒక పది రూపాయల నోటుపుస్తకం, ఒక కనిష్ఠ-గరిష్ఠ థర్మామీటరు.

మొక్కను ఎక్కడి నుంచి తెచ్చారు, ఎన్ని నాటారు, ఎన్ని చచ్చాయి, ఏ తేదీన ఎంత చలి ఎంతసేపు ఉంది, కుండీలోనా నేలలోనా, ఏమి కప్పారు, ఎంత ఖర్చయింది అని రాసుకుంటే చాలు. చచ్చిన మొక్కకు కూడా ఒక వరుస కేటాయించాలి. తర్వాతి వారికి డబ్బు మిగిల్చేది ఆ వరుసే. విదేశాల్లో ఉన్న మన పిల్లలు కరివేపాకు కావాలంటే అక్కడి ధ్రువీకరణ ఉన్న నర్సరీలో కొనుక్కోమని చెప్పాలి. ఇక్కడి నుంచి రెమ్మ పంపవద్దు. పటాన్ని చూడండి, కానీ దాన్ని హామీ పత్రంగా చదవవద్దు. 'మా ఇంట్లో బతికింది' అని ఎవరైనా రాస్తే సంతోషించి, ఎన్నిటిలో ఎన్ని అని అడగండి.